జూరాకాన్ పలకని మాట

“నాలుగక్షరాలక్కా! నాలుగంటే నాలుగే! నోరు తెరిచి అనేస్తే వదిలిపోతుంది.”

“అనను.”

“బొగ్గు అంటారు, పొయ్యి అంటారు, మేకపెంట అని కూడా అంటారు. ఇదొక్కటే ఏం పాపం చేసింది?”

“అదేం పాపం చేయలేదమ్మాయ్. నేనే అనను.”

“పుస్తకం అట్ట మీద ఉన్నది అదే కదక్కా! ప్రతి పాఠం మొదట్లో అందరూ గొంతు కలిపి ఆ మాట అనాలి. మీరేమో ‘అది’ అంటారు, ‘ఆ మంచిది’ అంటారు, ‘మనందరికీ కావలసింది’ అంటారు. వినేవాళ్లు అది సబ్బు అనుకోవాలా, పింఛను అనుకోవాలా?”

“వాళ్లకి తెలుసు. తెలీనిది నీకే.”

ఊరి సమావేశాలు జరిగే క్లబ్బు కిటికీ కింద తన వ్యాన్ బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్లు పోస్తున్న ఉర్మత్‌కి ఒక్క ముక్క పోకుండా వినబడుతోంది. నవ్వాపుకోబోయి సగం నీళ్లు బూట్ల మీద పోసుకున్నాడు.

లోపల అరుస్తున్నది పెరిజాత్. రాజధాని బిష్కెక్‌లో పుట్టి పెరిగిన పిల్ల. కొరియా నుంచి వచ్చిన మిషన్ వాళ్ల కార్యక్రమాలన్నీ తనే చూసుకుంటుంది. అననని మొండికేసినది జూరాకాన్. అత్‌బాషి ఊళ్లో ఆ మిషన్ వాళ్ల కుటుంబ పాఠాలు చెప్పే మనిషి, ఉర్మత్‌కి వరసకి వదిన.

“సరే, తిన్నగా చెప్తా వినండి,” పెరిజాత్ గొంతు తగ్గింది. “వచ్చే గురువారం రాజధాని నుంచి మా పెద్దాయన వస్తున్నాడు. జిల్లా మహిళా సంఘం వాళ్లూ వస్తున్నారు. వాళ్ల ముందు మీరు ఆ మాట అని, అందరిచేతా అనిపించాలి. అనలేదా, ఈ తరగతి ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు. నన్ను తిట్టుకుని లాభం లేదు.”

టీ గిన్నెలు కడుగుతున్న చప్పుడు వచ్చింది. అవి కడిగినవే. మళ్లీ కడుగుతోంది.

ఇంత రభసకీ కారణమైన మాట ఇంతిమాక్. అక్కడి భాషలో ఇంటిల్లిపాదీ పొందికగా ఉండటాన్ని అలా అంటారు. మిషన్ పుస్తకానికి అంతకంటే మంచి పేరు దొరకదు. చిక్కల్లా ఏమిటంటే ఆ మాటని మగపిల్లలకి పేరుగా కూడా పెడతారు. జూరాకాన్ మొగుడి పేరు అదే. అత్తవారి గడప తొక్కిన రోజు నుంచి ఆమె ఆ పేరు పలకలేదు. మొగుడి పేరే కాదు, మామ పేరు, బావల పేర్లు, ఆఖరికి మరుదుల పేర్లు కూడా ఆ ఊరి కోడళ్ల నోట రావు. ఉర్మత్ ఇంతిమాక్ చిన్నాన్న కొడుకు. ఈమె కోడలుగా వచ్చేసరికి ఉయ్యాలలో ఉన్నాడు. అప్పుడు వాడికి ‘తుంటరి’ అని పేరు పెట్టుకుంది. ఇప్పుడు గడ్డం వచ్చినా, కాలేజీ మానేసినా, మాస్కో వెళ్లి రెండుసార్లు తిరిగొచ్చినా ఆమెకి వాడు తుంటరే.

మామ పేరు తాష్తెమీర్. తాష్ అంటే రాయి, తెమీర్ అంటే ఇనుము. అందుకని జూరాకాన్ రాయిని ‘గట్టిది’ అనేది, ఇనుముని ‘నల్లది’ అనేది. ఇంట్లో అంటే ఎవరికీ నష్టం లేదు. కానీ ఆమె శిశువిహారంలో పంతులమ్మ. ఆమె చేతికింద పెరిగిన పిల్లలందరూ రాయిని గట్టిదనే నేర్చుకున్నారు. బడికెళ్లాక పంతులుగారు గులకరాయి చూపించి ఇదేమిట్రా అంటే, తరగతి మొత్తం “గట్టిది!” అని అరిచింది. ఆయన శిశువిహారానికొచ్చి తగువు పెట్టుకున్నాడు. జూరాకాన్ తల వంచుకుని అంతా విని, “మరేం చెయ్యమంటారు బాబూ, మా మామగారు బతికే ఉన్నారు కదా,” అంది. మామ పోయాక కూడా ఆమె మాట మార్చలేదు. అత్‌బాషిలో ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లు కొందరు ఇప్పటికీ నోరుజారి గట్టిదంటారు. ఉర్మత్ కూడా అంటాడు. మాస్కోలో తాపీపని చేసేచోట అలా అని మేస్త్రీ చేత తిట్లు తిన్నాడు.

ఆమె కథలో ఇది నవ్వొచ్చే భాగం. రెండోది చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. ఇంతిమాక్ గొర్రెలు కాసేవాడు. వేసవిలో మందని కొండ మేతకి తోలుకెళ్లి, చలి మొదలవగానే దిగేవాడు. ఒక ఏడు మంద దిగింది, మనిషి ఇంటికి రాలేదు. లోయ అవతల కారాకోయిన్‌లో ఒక విధవరాలి గుమ్మం ముందు గుర్రాన్ని కట్టేశాడు. మర్నాడూ అక్కడే కట్టేశాడు. విడిపోదామని ఆయన అనలేదు, ఎందుకు రాలేదని ఈమె అడగలేదు. మంచు పడ్డాక ఆడపడుచు బాత్మా వచ్చి, తమ్ముడి చలికోటు కావాలంది. జూరాకాన్ కోటు తీసి, ఊడిపోబోతున్న బొత్తాం గట్టిగా కుట్టి, మడత పెట్టి ఇచ్చింది. పిల్లలు లేరు. శిశువిహారం ఆ తర్వాత కొన్నాళ్లకి మూసేశారు.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఒక మనిషికి సరిపడా పిండి కలపడం ఆమెకి చేతకాలేదు. పిండివంట వేయిస్తే చిన్న పెళ్లికి సరిపోయేంత తయారవుతుంది. రొట్టె కొంటే సగం మిగులుతుంది. పక్కింటి కుక్క గేటు దగ్గర కూర్చుని ఆ సగం తిని, తోక ఊపి, తన ఇంటికి తను పోతుంది. కరెంటు ఆఫీసుకి ఫోన్ చేసి, “ఇవాళ కరెంటు తీస్తారా?” అని అడుగుతుంది. తియ్యం అని చెప్తే, “రేపో?” అని అడుగుతుంది. ఫోన్ ఎత్తే కుర్రాడికి ఆమె గొంతు బాగా గుర్తు. “ఎల్లుండి కూడా తియ్యమత్తా, నువ్వు హాయిగా పడుకో,” అని పెట్టేస్తాడు.

అలాంటి ఒక చలికాలంలో కొరియా మిషన్ నుంచి పాక్ అనే ఇంటిపేరున్న దంపతులు వచ్చారు. ముసలివాళ్లు. ఇద్దరూ బక్కపలచగా, ఒకే రంగు కోట్లు వేసుకుని, ఊరంతా ఇల్లిల్లూ వంగి వంగి నమస్కారాలు పెడుతూ తిరిగారు. మిషన్ వాళ్లన్న మాట ఆ ఊళ్లో తిట్టుతో సమానం. పిల్లల్ని మతం మార్చేస్తారని కొందరు, డబ్బులిస్తారట ఎక్కడిస్తారని కొందరు. పాక్ దంపతులు ఈ రెండు రకాలకీ నిరాశే మిగిల్చారు. మొగుడూ పెళ్లాం రోజుకొకసారి ఎదురుబొదురు కూర్చుని మాట్లాడుకోవాలి, పిల్లల్ని కొట్టకూడదు, తాగొచ్చినవాడితో ఆ పూట వాదించకూడదు, ఇవీ వాళ్ల పాఠాలు. పాఠాల్లో దేవుడి ఊసు ఎత్తకూడదని చట్టమూ ఉంది, వాళ్ల నియమమూ ఉంది. జూరాకాన్ మొదట వాళ్లకి వంట చేసిపెట్టింది. ఆమె రొట్టె తుంచుతూ బిస్మిల్లా అనుకునేది, పాక్ భార్య తల వంచి తన ప్రార్థన తను చేసుకునేది. రెండూ ఇంచుమించు ఒకేసారి అయిపోయేవి, ఇద్దరూ తినేవాళ్లు. వంటమనిషి ఒకప్పటి పంతులమ్మ అని తెలిశాక తరగతి ఆమె చేతిలో పెట్టారు.

ఆమె ఎవరి మతంలోకీ మారలేదు. అదెవరూ నమ్మలేదు. మసీదు వీధి ఆడవాళ్లు ఆమె చేతి టీ తాగడం మానేశారు. మిషన్ వాళ్లు ఎప్పటికైనా తమలో కలుస్తుందని వాళ్ల గదిలో ఆమె కోసం ప్రార్థన చేసేవాళ్లు, అది ఆమెకి తెలుసు. రెండు గుంపులూ తనని చూసి నవ్వుతాయి, ఏ గుంపూ పక్కన చోటివ్వదు. అయినా గురువారం మధ్యాహ్నం క్లబ్బులో బొగ్గుపొయ్యి చుట్టూ ముప్ఫై నలభై మంది చేరి, గొడవలు చెప్పుకుని, నవ్వి, ఒకళ్లిద్దరు ఏడిచి, టీ తాగి పోతారు. వారం మొత్తంలో ఆమె గొంతుకి ఎదురు గొంతు దొరికేది అప్పుడే. ఆ తరగతి పోతే మిగిలేది కరెంటు ఆఫీసు కుర్రాడు.

ఆ రోజు వ్యాన్‌లో ఇంటికి దిగబెడుతూ ఉర్మత్ ఊరుకోలేకపోయాడు. ఊరుకోవడం వాడికి పుట్టుకతోనే రాలేదు.

“వదినా, నాకు తెలీక అడుగుతున్నా. ఆ మనిషి వేరే కొంపలో వేరే పెళ్లాం చేసిన చారు తాగుతున్నాడు. నువ్విక్కడ ఎవడి పేరు దాస్తున్నావ్?”

“నీ అన్నని పట్టుకుని ఎవడంటావురా తుంటరోడా?”

“అన్నే. కానీ వెధవ పని చేశాడు. ఉన్నమాట.”

“నువ్వు ఇంజనీరింగు మధ్యలో వదిలేసి వచ్చావు కదా. అదేం పని?”

“అది నాకు అర్థంకాక వదిలేశా.”

“ఆయనకీ నేను అర్థమై ఉండను,” అంది జూరాకాన్. తర్వాత వాడి భుజం మీద ఒకటి వేసింది. “ముందుకి చూసి తోలు. గుంట.”

గుంట దాటాక వాడు మళ్లీ మొదలెట్టాడు. “తరగతి పోతుందే!”

“తెలుసు.”

“పోతే ఏం చేస్తావ్?”

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఎండిన ఏటి ఒడ్డున ఎవరివో ఆవులు నిలబడి ఉన్నాయి.

“నువ్వు మగాడివి, నీకు చెప్పినా ఎక్కదు. ఆ ఇంటినుంచి నా దగ్గర ఏమీ లేదురా. కోటు కూడా బాత్మా పట్టుకుపోయింది. నాకంటూ మిగిలింది ఆ పేరు పలకకపోవడం ఒక్కటే. పలకనంతకాలం నేను ఆయన పెళ్లాన్ని. ఊరికి కూడా అలాగే లెక్క. ఒక్కసారి అన్నానా, నేనే తెంపుకున్నట్టు. మర్నాటినుంచి నేనెవరిని?”

“ఇప్పుడెవరివి?”

వాడు కావాలని అన్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. జూరాకాన్ దిగేటప్పుడు తలుపు మెల్లగా వేసింది. ఆ వ్యాన్ తలుపు మెల్లగా వేస్తే పడదు. ఉర్మత్ దిగి వెళ్లి మళ్లీ వేసుకోవలసి వచ్చింది.

మర్నాడు బజార్లో ఉల్లిపాయల దగ్గర బాత్మా కనిపించింది. ఉర్మత్‌కి పెదనాన్న కూతురు, ఆ చుట్టాలందరిలోకీ పెద్ద నోరు. ప్రతి గురువారం తరగతికొచ్చి ముందు వరసలో కూర్చుంటుంది. పాఠం కోసం కాదు, పిండివంట కోసం, ఎవరింట్లో ఏం జరుగుతోందో వినడం కోసం.

“ఏరా, ఆ పట్నం పిల్ల మా కోడలి చేత పేరు చెప్పిస్తుందట కదా?” అని పళ్లన్నీ కనబడేలా నవ్వింది. “చెప్పదు. రాసిస్తా. ఎంతైనా మా ఇంటి కోడలు.”

“మీ ఇంటి కోడలని ఆమె గడప ఎప్పుడు తొక్కావక్కా?”

“మిషన్ వాళ్ల వెంట తిరిగేదాని ఇంటికి ఎలా వెళ్తాంరా? నలుగురూ ఏమంటారు?”

“మరి కోడలెలా అయింది?”

“అదంతా నీకు తెలీదులే. కాలేజీ పూర్తిచేసి వచ్చుంటే తెలిసేది.” ఉల్లిపాయ నొక్కి చూసి, కుళ్లిందని పక్కన పడేసింది. “ఆవిడ నోరు విప్పనంతకాలం మా తమ్ముడి పరువుకి లోటు లేదు. వదిలేసిన మొగుడి పేరు కూడా తియ్యని ఆడదిరా! ఎంతమందికి ఉంటుంది అంత మర్యాద?”

ఉర్మత్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె మౌనంలో వీళ్ల తమ్ముడు వెచ్చగా పడుకున్నాడన్నమాట. ఆ మాట అక్కడే అనేశాడు కూడా. బాత్మా కుళ్లిన ఉల్లిపాయ తీసి వాడి మీదకి విసిరింది.

పెరిజాత్‌కి కూడా నచ్చజెప్పి చూశాడు. ఆ ఒక్క మాటకి బదులు ఇంకో మాట పెట్టుకుంటే సరిపోదా అన్నాడు. అచ్చయిన పుస్తకం, దేశమంతా ఒకటే పాఠం, కుదరదంది. పక్కనే ఉన్న పాక్ భార్యని సాయం అడిగింది. “మీరైనా చెప్పండమ్మా, మొగుడి పేరు చెప్తే కళ్లు పోతాయా? మీ ఆయన పేరేంటి, చెప్పండి.” పాక్ భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. వచ్చీరాని భాషలో, “సోరా నాన్న,” అంది. సోరా వాళ్ల కూతురు. పెరిజాత్ నెత్తి కొట్టుకుంది. ఉర్మత్ గోడ పట్టుకుని నవ్వాడు. అయినా వెళ్లేటప్పుడు పాక్ భార్య వాడి చెయ్యి పట్టుకుని, “నియమం మాది కాదు బాబూ. పైవాళ్లది,” అంది. ఆమె కళ్లలో నవ్వు లేదు.

గురువారం వచ్చింది. రాజధాని పెద్దాయన టై కట్టుకుని వచ్చాడు. మహిళా సంఘం నుంచి ఇద్దరొచ్చారు, ఇద్దరి చేతిలోనూ ఫోన్లు. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చి గోడల పొడుగునా నిలబడ్డారు. పాఠం వినడానికి ఎవరూ రాలేదని ఉర్మత్‌కి తెలుసు. జూరాకాన్ పేరు చెబుతుందా చెప్పదా, అది చూడటానికి వచ్చారు. బాత్మా ముందు వరసలో కొత్త శాలువా కప్పుకుని, కోడలిని చూసుకుని మురిసిపోయే అత్తలా కూర్చుంది.

జూరాకాన్ నీలం గౌను, తెల్లటి తలగుడ్డ వేసుకుంది. పాఠం మొదట్లో అందరూ గొంతు కలపాల్సిన చోటు రాగానే, “ముందు టీ పోసుకుందాం, చలిగా ఉంది,” అని దాటేసింది. పెరిజాత్ పెదవి కొరుక్కుంది. పెద్దాయన ఏదో రాసుకున్నాడు.

ఆ రోజు పాఠం ఇంట్లో కలిసి భోంచెయ్యడం గురించి. జూరాకాన్ నలుగురైదుగురిని అడిగింది, మీ ఇంట్లో ఎలా తింటారని. కొత్తగా పెళ్లయిన నాజిరా లేచింది. పాలకేంద్రంలో పనిచేస్తుంది, గట్టిగా మాట్లాడే పిల్ల.

“మా ఇంట్లో నేను వండుతా, నేనే తింటా. ఈయన ఒడిలో పళ్లెం, చేతిలో ఫోను. ఏం తిన్నాడో ఈయనకే తెలీదు. నిన్న కూరలో ఉప్పు వెయ్యలేదు, చూద్దామని. బాగుందన్నాడు!”

గది గొల్లుమంది. మొగుడు కుబాన్ చెవులు ఎర్రబడ్డాయి. “కొత్త ఇల్లు కట్టిస్తున్నా కదా! మూడు గదులు! ఇంకేం కావాలి దీనికి?”

“గదులతో మాట్లాడుకోనా?”

“మాట్లాడుకో! నాకంటే అవే నయం!”

నాజిరా చటుక్కున కూర్చుని మొహం తిప్పుకుంది. అంతవరకూ నవ్విన గది ఎటు చూడాలో తెలీక టీ గిన్నెల్లోకి చూసింది. జూరాకాన్ రెండడుగులు ముందుకేసింది. ఆమెకి అప్పుడు పెద్దాయన గుర్తులేడు, బాత్మా గుర్తులేదు. ఉర్మత్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. శిశువిహారంలో పిల్లలు కొట్టుకుంటే విడదీయడానికి వచ్చేటప్పుడు ఉండే మొహం అది.

“మూడు గదులు కట్టు బాబూ, ముప్ఫై కట్టు,” అంది. “ఉప్పు లేని కూర బాగుందని అబద్ధమాడావు, అదైనా నయం, ఎదురుగా ఉండి ఆడావు. ఒక్కతే కూర్చుని తింటే ఉప్పు ఉందో లేదో చెప్పే దిక్కుండదు. గోడలెందుకు, కప్పెందుకు, ఇంట్లో ఇంతిమాక్ లేకపోతే!”

అక్కడి భాషలో లేదన్నా లేడన్నా ఒకటే మాట. ఇంట్లో పొందిక లేదన్నా, ఇంట్లో ఇంతిమాక్ లేడన్నా, చెవికి ఒకేలా తగులుతుంది.

పొయ్యిలో బొగ్గు చిటపటలాడటం వినబడింది. టై కట్టుకున్నాయన ఏమైందో అర్థంకాక అటూ ఇటూ చూశాడు. పాక్ భార్య చెయ్యి మళ్లీ నోటిమీదికి వెళ్లింది. జూరాకాన్ అన్న మాట ఆమె చెవికే ఆలస్యంగా వినబడినట్టుంది. మెల్లగా తిరిగి ముందు వరసలోకి చూసింది. బాత్మా శాలువా భుజం మీంచి జారింది. మొహంలో మురిపెం పోయి, సంతలో మోసపోయిన మనిషి చూపు వచ్చింది. నోరుజారింది, పాఠంలో మాటే అన్నాను అంటే సరిపోయేది. బాత్మా అదే వినాలనుకుంది. కళ్లతో అడిగింది కూడా.

జూరాకాన్ తలగుడ్డ సరిచేసుకుంది. బల్ల మీదున్న పుస్తకం తీసి, అట్ట అందరికీ కనబడేలా పట్టుకుంది.

“మొదట్లో మర్చిపోయాం. అందరూ నాతోపాటు అనండి,” అంది. అని, చూసుకుని, తనే ముందు అంది. “ఇంతిమాక్.”

గదిలో ఉన్న మగా ఆడా అందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఉర్మత్ కూడా అన్నాడు. కిటికీ అద్దాలు అదిరాయి. పాఠంలో మాటలా లేదది. గుమ్మంలో నిలబడి ఊరు ఊరంతా ఒక మనిషిని ఇంటికి రమ్మని పిలిచినట్టుంది. పిలుపు ఆగాక జూరాకాన్ కాసేపు అలాగే తలుపువైపు చూస్తూ నిలబడింది. తలుపు దగ్గర ఉర్మత్ తప్ప ఎవరూ లేరు.

పెద్దాయన చప్పట్లు కొట్టాడు. మహిళా సంఘం వాళ్లు ఫొటోలు తీసుకున్నారు. పెరిజాత్ ఏడుస్తూ వచ్చి కావలించుకుంది. తరగతి మీదే అక్కా, ఎప్పటికీ మీదే అంది. బాత్మా పిండివంట ముట్టకుండా వెళ్లిపోయింది.

ఆ వారమంతా ఊరు ఆ మాటే చెప్పుకుంది. బజార్లో మొన్నటిదాకా ‘కోడలా’ అని పిలిచిన అత్తవైపు ఆడవాళ్లు ఇప్పుడు ‘జూరాకాన్ గారూ’ అంటున్నారు. గౌరవంగానే అంటారు, పరాయివాళ్లతో మాట్లాడినంత గౌరవంగా. ఉర్మత్ ఇంట్లో వాళ్లమ్మ రొట్టెలు కాలుస్తూ, “ఇక ఆవిణ్ని నీ వ్యాన్‌లో తిప్పకు. మనకేమవుతుందని?” అంది.

“నాకు వదిన.”

“తెంపుకుంది కదరా, అంతమందిలో.”

“అన్న తెంపినప్పుడు మీకెవరికీ వినబడలేదా? అప్పుడు చప్పుడు కాలేదా?”

వాళ్లమ్మ అట్లకాడ చూపించింది. వాడు రొట్టె లాక్కుని బయటపడ్డాడు.

తర్వాతి గురువారం తరగతికి గోడల దగ్గర నిలబడేవాళ్లు రాలేదు. ముందు వరసలో బాత్మా కుర్చీ ఖాళీగా ఉంది, ఎవరూ అందులో కూర్చోలేదు. జూరాకాన్ పాఠం బాగానే చెప్పింది. ఆ మాట వచ్చినచోటల్లా తడబడకుండా అంది. అన్న ప్రతిసారీ ఉర్మత్‌కి ఎక్కడో నొప్పెట్టింది. ఎందుకో వాడికి తెలీదు. అనమని వెంటబడ్డవాళ్లలో వాడొకడు.

రెండ్రోజుల తర్వాత వాడు కారాకోయిన్‌కి మేత బస్తాలు తీసుకెళ్తున్నాడు. ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర జూరాకాన్ రోడ్డు పక్కన నిలబడి ఉంది. ఎక్కడికీ వెళ్లే వేషం కాదు. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే ఉంది. వ్యాన్ ఆపి అద్దం దించాడు.

“ఎక్కు వదినా. ఎక్కడికి?”

“నేను రాను. నువ్వు కారాకోయిన్ వెళ్తున్నావని విన్నా.”

“వెళ్తున్నా.”

ఆమె అద్దం అంచు పట్టుకుంది. గాలికి తలగుడ్డ కొస మొహం మీద పడుతుంటే తీసుకోవడం లేదు.

“ఒకటడుగుతా చెప్పు,” అన్నాడు ఉర్మత్. “ఆ రోజు నోరుజారిందా, కావాలనే అన్నావా?”

“మొదటిసారి జారింది. రెండోసారి చూసుకునే అన్నా.”

“బాధగా ఉందా?”

“పంటి నొప్పి ఉన్నన్నాళ్లూ నాలుక అక్కడికే పోతుంది. పన్ను పీకించుకున్నా అక్కడికే పోతోందిరా.” నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది. “ఊళ్లో అందరూ చెప్పుకున్నారు, ఆయనకింకా ఎవరూ చెప్పలేదట. కొండ మేతకి సామాను సర్దుకుంటున్నాడట. బాత్మాకి చెప్పడానికి మొహం చెల్లలేదట.”

“నన్ను చెప్పమంటావా? సంతోషంగా చెప్తా. ఇంకో నాలుగు మాటలు కలిపి మరీ చెప్తా.”

“కలపొద్దు. తిట్టొద్దు. ఏమీ అడగొద్దు. రమ్మనొద్దు.” ఆమె గొంతు తగ్గించింది, ఆ రోడ్డు మీద వినేవాళ్లెవరూ లేకపోయినా. “ఆ ఇంటావిడ ముందు చెప్పకు. గుర్రం దగ్గరకి తీసుకెళ్లి చెప్పు. జూరాకాన్ నీ పేరు పలికింది, అంతమందిలో పలికింది, అని చెప్పు. చెప్పి, ఆయన మొహంలోకి చూడు. నేను పాతికేళ్లు చూసిన మొహమే, ఒక్కోసారి ఏమీ కనబడదు, అయినా చూడు. ఈ ఊళ్లో మిగతావాళ్లందరూ నా మీద జాలితో ఏదో ఒకటి కల్పించి చెప్తారు. నీకు ఆ తెలివి లేదు. అది విన్నప్పుడు ఆయన మొహం ఎలా ఉందో చూసి, తిన్నగా మా ఇంటికి రా. ఎలా ఉంటే అలా చెప్పు, తుంటరీ.”